కీళ్లలో నొప్పి.. మదిలో గుబులు
మోకాలి బాధకు మనసుతోనూ ముడి

ముత్తుకూరు: ఈశాన్య రుతుపవనాలు తీరాన్ని తాకి ముసురు పట్టిందంటే చాలు, మండలంలోని పల్లెల్లో ఒకే రకమైన మాటలు వినిపిస్తాయి. మోకాళ్లు లాగుతున్నాయని, వేళ్లు ముడుచుకోవడం లేదని, రాత్రంతా కంటి మీద కునుకు లేదని. వరినాట్లకు వంగి వంగి నడుం పట్టేసిన కూలీలు, రొయ్యల గుంటల గట్లపై రేయింబవళ్లు తిరిగే కాపలాదారులు, రొయ్యలు వలిచే షెడ్లలో చల్లటి నీళ్లలో చేతులుంచి గంటల తరబడి నిలబడే మహిళలు, వలలు లాగి లాగి భుజాలు పట్టేసిన మత్స్యకారులు.. ఎందరికో కీళ్ల బాధ నిత్యకృత్యంగా మారింది. వీరిలో చాలామంది ఆర్‌ఎంపీ వద్ద ఒక సూది, మందుల దుకాణంలో నాలుగు మాత్రలతో సరిపెట్టుకుంటున్నారు. కాస్త స్తోమత ఉన్నవారు నెల్లూరు వెళ్లి ఎక్స్‌రే తీయించుకుంటున్నారు. ఆ ఫిలిం చేతికందిన నాటి నుంచి ఊరట కలగకపోగా, బాధ రెట్టింపయిందని వాపోయేవారూ ఉన్నారు. ఇందుకు కారణం ఎముకలో కాక, ఆ రోజు చెవిన పడిన ఒక మాటలోనూ ఉండవచ్చునని నొప్పిపై దశాబ్దాలుగా సాగిన పరిశోధనలు సూచిస్తున్నాయి. "గుజ్జు అరిగిపోయింది" అన్నదే ఆ మాట.

అరగడానికి టైరు కాదు

మోకాలిలో రెండు ఎముకల చివరలను కప్పి ఉంచే మృదులాస్థినే జనం గుజ్జు అంటున్నారు. వయసు, అధిక బరువు, పాత దెబ్బలు, వంశపారంపర్యం, చేసే పని వంటి కారణాలతో అది పలచబడుతుంది. దీనినే వైద్యులు ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. అరుగుదల అన్న మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. అయితే ఆ మాట వినగానే మనసులో మెదిలే బొమ్మ మాత్రం తప్పు. బస్సు టైరు తిరిగే కొద్దీ అరుగుతుంది, అరిగింది మళ్లీ రాదు, కాబట్టి ఎంత తక్కువ తిప్పితే అంత మేలు. మోకాలిని కూడా అలాగే ఊహించుకున్న మనిషి సహజంగానే నడక మానేస్తాడు.

కీలు యంత్రం కాదు. మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. దానికి అందవలసిన పోషకాలు కీలులోని జిగురు ద్రవం ద్వారానే అందాలి. నడిచినప్పుడు ఒత్తిడి పడి, వదిలి, మళ్లీ పడుతున్నప్పుడు ఆ ద్రవం స్పాంజిలోకి నీరు వెళ్లి వచ్చినట్టు మృదులాస్థిలోకి వెళ్లి వస్తుంది. అంటే కదలికే దానికి తిండి. మరో విశేషం ఏమిటంటే మృదులాస్థిలో నొప్పిని మోసే నరాలు కూడా ఉండవు. గుజ్జు అరిగినంత మాత్రాన ఆ గుజ్జు నొప్పెట్టదు. నొప్పి పుట్టేది దాని కింది ఎముక నుంచి, కీలును చుట్టి ఉన్న పొర నుంచి, చుట్టుపక్కల కండరాలు, స్నాయువుల నుంచి.

అందుకే ఎక్స్‌రేకు, బాధకు పొత్తు కుదరదు. ఫిలింలో ఎముకలు దాదాపు ఒరుసుకుంటున్నట్టు కనిపించినా చెరువు గట్టు మీద చకచకా నడిచిపోయే పెద్దవారున్నారు. ఫిలింలో పెద్దగా ఏమీ లేకున్నా మంచం దిగలేనివారూ ఉన్నారు. రెండో వర్గం వారిని "నటిస్తున్నారు" అనడం తేలిక. అది అన్యాయం కూడా.

ఈ పొత్తు కుదరకపోవడాన్ని అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో జరిగిన ఒక ప్రయోగం బలంగా ముందుకు తెచ్చింది. మోకాలి అరుగుదలతో బాధపడుతున్న 180 మందిని శస్త్రవైద్యుడు బ్రూస్ మోస్లీ బృందం మూడు వర్గాలుగా విభజించింది. రెండు వర్గాల వారికి గొట్టం ద్వారా కీలును శుభ్రపరిచే శస్త్రచికిత్సలు చేశారు. మూడో వర్గానికి మోకాలిపై చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి కుట్లు వేశారు. తమకు ఏది జరిగిందో రోగులకు తెలియదు. 2002లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండేళ్ల పాటు గమనించినా అసలు శస్త్రచికిత్స చేయించుకున్నవారికి, ఉత్త గాట్లు పడినవారికి నొప్పిలో తేడా కనిపించలేదు. ఆ తరువాత మోకాలి అరుగుదలకు ఆ తరహా శస్త్రచికిత్సల ప్రాధాన్యం తగ్గింది. మోకాలి మార్పిడి శస్త్రచికిత్స వేరు, దానిని దీనితో కలపరాదు.

చెరువు తూము వంటిదే వెన్నుపాము

నొప్పి అనేది దెబ్బ తగిలిన చోటు నుంచి మెదడుకు తీగ మీద వెళ్లే కబురు వంటిదని పూర్వం భావించేవారు. దెబ్బ ఎంతో నొప్పి అంత అన్నది ఆనాటి లెక్క. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ తీరాన ఆంజియో వద్ద గాయపడిన సైనికులకు వైద్యం చేసిన అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్ ఆ లెక్క తప్పడాన్ని గమనించారు. తీవ్రంగా గాయపడిన వారిలోనూ సుమారు నాలుగింట మూడొంతుల మంది నొప్పి మందు అక్కర్లేదన్నారని ఆయన 1946లో రాశారు. యుద్ధరంగం నుంచి ప్రాణాలతో బయటపడ్డామన్న ఊరట వారిది. అంతకన్నా చిన్న గాయంతో మామూలు ఆసుపత్రిలో చేరిన వ్యక్తికి అదే గాయం ఉద్యోగం పోతుందన్న భయాన్ని, అప్పుల దిగులును మోసుకొస్తుంది.

1965లో కెనడాకు చెందిన రోనాల్డ్ మెల్జాక్, బ్రిటన్‌కు చెందిన ప్యాట్రిక్ వాల్ ఇందుకు ఒక వివరణ ఇచ్చారు. వారి సిద్ధాంతాన్ని మన రైతులకు చెప్పాలంటే చెరువు తూమును చూపితే చాలు. కీలు నుంచి వచ్చే నొప్పి సంకేతాలు నేరుగా మెదడుకు చేరవు. వెన్నుపాములో తూము తలుపు వంటి ఏర్పాటు ఉంది. అది ఎంత తెరుచుకుంటే అంత నొప్పి పైకి పారుతుంది. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దితే ఉపశమనం కలగడం ఆ తలుపు కొంత మూతపడటం వల్లనే. ఆ తలుపును మెదడు కూడా పైనుంచి తిప్పగలదు. భయం, దిగులు, నిద్రలేమి, ఏమవుతుందోనన్న ఎదురుచూపు తలుపును పైకెత్తుతాయి. ధైర్యం, ఇష్టమైన పనిలో లీనం కావడం, నమ్మకమైన మనిషి పక్కనుండటం దానిని దించుతాయి. సిద్ధాంతంలోని చిన్న చిన్న వివరాలు తరువాతి కాలంలో మారినా, మెదడు నుంచి కిందికి దిగివచ్చే ఈ అదుపు వాస్తవమేనని రూఢి అయింది. శరీరమే తయారుచేసుకునే నొప్పి నివారణులు ఎండార్ఫిన్లు ఈ మార్గంలోనే పనిచేస్తాయి.

నొప్పి అధ్యయన అంతర్జాతీయ సంఘం 1979లో నొప్పిని శరీరానికి సంబంధించిన అనుభవంగానే కాక భావోద్వేగ అనుభవంగా కూడా నిర్వచించింది. 2020లో దానిని సవరిస్తూ, నొప్పి ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని కూడా చేర్చింది. ఈ రెండో భాగమే మన ఆసుపత్రుల వరండాల్లో ఎక్కువగా మరుగున పడుతోంది.

గోరంతలు.. కొండంతలు

ఒకే ఊరిలో ఒకే వయసున్న ఇద్దరు మహిళలను ఊహించుకుందాం. ఇద్దరి ఎక్స్‌రేలూ ఒకేలా ఉన్నాయి. తెల్లవారుజామున మంచం దిగి మొదటి అడుగు వేయగానే ఇద్దరికీ మోకాలు కలుక్కుమంది. "పట్టేసింది, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది" అనుకొని మొదటామె కళ్లాపి చల్లడానికి వాకిట్లోకి వెళ్లింది. "అయిపోయింది, ఈ కాలు ఇంక నాకు పనికిరాదు, రేపు మంచాన పడితే నన్ను చూసేదెవరు" అనుకొని రెండో ఆమె మంచం మీదే కూలబడింది. కీలులోని మంట ఇద్దరికీ ఒకటే. రాత్రికి అనుభవించే నొప్పి మాత్రం ఒకటి కాబోదు.

రెండో ఆమె ఆలోచనా సరళిని పరిశోధకులు క్యాటస్ట్రఫైజింగ్ అంటారు. గోరంతను కొండంత చేసుకోవడమన్నమాట. కెనడాకు చెందిన మైకేల్ సల్లివన్ బృందం 1995లో దీనిని కొలిచేందుకు 13 ప్రశ్నల పట్టిక రూపొందించింది. ఒక్కో దానికి సున్నా నుంచి నాలుగు వరకు, మొత్తం 52 మార్కులు. ఇందులో మూడు ధోరణులను చూస్తారు. నొప్పి గురించే అదేపనిగా తలపోయడం, దానిని ఉన్నదానికన్నా పెద్దదిగా ఊహించడం, తాను చేయగలిగిందేమీ లేదని చేతులెత్తేయడం. కీళ్ల రోగుల్లో ఈ మార్కులు ఎక్కువగా ఉన్నవారికి నొప్పి, కదలలేకపోవడం కూడా ఎక్కువగా ఉంటున్నాయని అనేక అధ్యయనాల్లో తేలింది. మోకాలి మార్పిడి చేయించుకున్న తరువాత కూడా నొప్పి మిగిలిపోయేవారిలో ఈ ధోరణి ఎక్కువగా కనిపిస్తోంది.

ఆ ఆలోచన నొప్పితో ఆగదు, నడకను ఆపుతుంది. కదిలితే అరుగుతుందన్న భయంతో ఆమె నీళ్లబిందె మానేస్తుంది, ఆపై గుడికి వెళ్లడం మానేస్తుంది, చివరకు పక్కింటి అరుగు మీదికి కూడా పోదు. రెండు నెలలు గడిచేసరికి తొడ కండరాలు సన్నబడతాయి. మోకాలి భారాన్ని పంచుకోవలసినవి ఆ కండరాలే. అవి నీరసించడంతో భారమంతా కీలు మీదే పడి నొప్పి పెరుగుతుంది. "చూశావా, నేను అనుకున్నట్టే అయింది" అని ఆమె నమ్మకం బలపడుతుంది. ఇక్కడ ఇంటివారి పాత్ర కూడా తక్కువేమీ కాదు. "నువ్వు లేవబాకత్తా, నేను తెస్తాలే" అని గ్లాసు మంచినీళ్లు కూడా చేతికందించే కోడలు ప్రేమతోనే ఆ పని చేస్తుంది. కానీ మూలిగినప్పుడల్లా పని అందుకొని పడుకోబెట్టే ఇళ్లలో రోగి మరింతగా మంచానికి అతుక్కుపోతున్నట్టు పరిశోధనలు చూపాయి. విసుక్కొని "అన్నీ సాకులే" అనే ఇల్లు అంతకన్నా నయమేమీ కాదు.

ఇందుకు పూర్తి విరుద్ధమైన తీరు మరొకటి ఉంది. కూలి పనులకు వెళ్లే మహిళల్లో ఇదే ఎక్కువ. నొప్పి కాస్త తగ్గిన రోజున వారం రోజుల పని ఒకేసారి మీదేసుకోవడం, మరుసటి రోజు నుంచి నాలుగు రోజులు లేవలేకపోవడం. ఓర్పు, పట్టుదల పేరుతో మెచ్చుకోలు పొందే ఈ తీరు కూడా కీలుకు మేలు చేయదు.

రెండో ఆమె భయం అర్థం లేనిదనడం మాత్రం సరికాదు. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లో మోకాలు మొరాయిస్తే నాట్ల కూలి పోతుంది, షెడ్డులో స్థానం మరొకరికి పోతుంది. ఆలోచన మార్చుకోమని సలహా ఇచ్చినంత మాత్రాన పోయిన కూలి తిరిగిరాదు. పేదరికం నొప్పిని పెంచే తీరు ఆలోచనా సరళుల పట్టికల్లో పూర్తిగా ఇమిడేది కాదు.

ముసురుకు కీళ్లు నొప్పెట్టడం కూడా ఉత్త నమ్మకమేనా అన్న ప్రశ్న ఉంది. బ్రిటన్‌లో వేలాది మంది రోగులు తమ సెల్‌ఫోన్లలో రోజూ నమోదు చేసిన నొప్పి వివరాలను వాతావరణంతో పోల్చి చూసిన అధ్యయనం 2019లో వెలువడింది. గాలిలో తేమ, గాలి వేగం పెరిగి వాతావరణ పీడనం తగ్గిన రోజుల్లో నొప్పి కొంత పెరిగిందని అందులో తేలింది. పెరుగుదల స్వల్పమే. తుపాను హెచ్చరిక వినగానే "ఇక నా పని అయిపోయింది" అని ముడుచుకు పడుకోవలసినంత తేడా అందులో కనిపించలేదు.

మనసు కుంగితే ఒళ్లు చెబుతుంది

పల్లెల్లో మనసు బాగాలేదని ఎవరూ ఆసుపత్రికి వెళ్లరు. ఒళ్లు నొప్పులంటారు, కాళ్లు పీకుతున్నాయంటారు, నిస్సత్తువ అంటారు. కొడుకు వలస పోయిన దిగులు, రొయ్యల సాగులో వచ్చిన నష్టం, భర్త తాగుడు.. ఇవేవీ చీటీ మీదికి ఎక్కవు. డాక్టరు చీటీ మీద నొప్పి మాత్ర పడుతుంది. కుంగుబాటు అలాగే మిగిలిపోతుంది.

కీళ్ల జబ్బు, కుంగుబాటు ఒకదానినొకటి పోషించుకుంటాయి. శరీర రక్షణ వ్యవస్థే కీళ్లపై దాడిచేసే కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల్లో సుమారు 17 శాతం మందికి తీవ్రమైన కుంగుబాటు ఉన్నట్టు 2013లో బ్రిటన్ పరిశోధకులు అనేక అధ్యయనాలను క్రోడీకరించి తేల్చారు. నిత్యం నొప్పితో బతకడం ఇందుకు ఒక కారణం. కీళ్లలో మంట పుట్టించే రసాయనాలు రక్తం ద్వారా మెదడు పనితీరును కూడా మార్చి నిరుత్సాహాన్ని, అలసటను కలిగించడం మరో కారణం. జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం అందరికీ అనుభవమే. అటువంటి స్థితి నెలల తరబడి కొనసాగడమే ఇది.

కుంగుబాటుకు చికిత్స చేస్తే కీళ్ల నొప్పి తగ్గుతుందా? అమెరికాలో ఈ రెండూ ఉన్న 60 ఏళ్లు పైబడిన 1,001 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2003లో వెలువడ్డాయి. సగం మందికి మామూలు వైద్యం కొనసాగించారు. మిగతావారికి కుంగుబాటుకు మందులు, లేదా సమస్యలను ఒక్కొక్కటిగా ఎలా ఎదుర్కోవాలో నేర్పే కౌన్సెలింగ్ ఇచ్చారు. కీళ్లకు కొత్త మందేమీ ఇవ్వలేదు. ఏడాది తరువాత ఈ రెండో వర్గంలో కుంగుబాటుతో పాటు నొప్పి కూడా తగ్గింది, రోజువారీ పనులకు నొప్పి అడ్డుపడటం తగ్గింది. మార్పు అద్భుతమేమీ కాదు, ఓ మోస్తరు. మాత్రల వల్ల కలిగే లాభం కూడా చాలాసార్లు ఓ మోస్తరుదేనని గుర్తుంచుకోవాలి. మొదట కుంగుబాటుకు వాడిన డులాక్సెటిన్ అనే మందును దీర్ఘకాలిక కీళ్లు, కండరాల నొప్పికి కూడా 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. డాక్టరు అటువంటి మాత్ర రాస్తే "నన్ను పిచ్చిదాన్ననుకున్నారు" అని నొచ్చుకొని మానేయనవసరం లేదు.

నిద్ర సంగతి మరీ ముఖ్యం. నిద్ర చెడితే మరునాడు నొప్పిని తట్టుకునే శక్తి తగ్గుతుందని ఆరోగ్యవంతులపై చేసిన ప్రయోగాల్లోనూ రుజువైంది. నొప్పి వల్ల నిద్ర రాదు, నిద్ర లేక నొప్పి పెరుగుతుంది. సాయంత్రం పొద్దుపోయాక తాగే టీ, పగటి పూట గంటల కొద్దీ కునుకు ఈ చిక్కుముడిని మరింత బిగిస్తాయి.

రాష్ట్రంలో 2005 చివర మొదలై 2006లో ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసిన చికున్‌గున్యాను చాలామంది మరచిపోయి ఉండరు. ఆ ఏడాది దేశంలో సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. జ్వరం వారంలో తగ్గినా కీళ్ల నొప్పులు కొందరిని నెలలు, మరికొందరిని ఏళ్ల తరబడి వేధించాయి. వైరస్ వల్ల కీళ్లలో కలిగే వాపు ఇందుకు మూలం. అయితే "ఇది వచ్చిందంటే జన్మలో పోదు" అన్న ప్రచారం ఊరూరా పాకి, కోలుకుంటున్నవారిని కూడా కాలు కదపనీయకుండా చేసింది. ఒక జబ్బు గురించి ఊరు చెప్పుకునే మాట కూడా రోగి అనుభవంలో భాగమవుతుంది.

'అంతా నీ భ్రమ' అనడం తప్పు

మనసుకు పాత్ర ఉందన్నంత మాత్రాన నొప్పి కల్పితమని అర్థం కాదు. ధైర్యం చెప్పుకుంటే అరిగిన గుజ్జు తిరిగి పెరగదు. కీళ్లవాతాన్ని ఆలోచనలతో అణచడం అసాధ్యం. ఉదయం లేచాక చేతివేళ్లు, మణికట్లు అరగంట, గంటకు పైగా బిగుసుకుపోవడం, రెండు వైపులా ఒకే కీళ్లు వాచి వెచ్చగా ఉండటం, అది వారాల తరబడి తగ్గకపోవడం కీళ్లవాతానికి సూచనలు. మొదటి కొద్ది నెలల్లోనే మందు మొదలైతే వేళ్లు వంకర్లు పోకుండా కాపాడుకోవచ్చు. ఇందుకు ఎక్కువగా వాడే మెథోట్రెక్సేట్ మాత్రను వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలకే ముప్పు. ఒక్కసారిగా కీలు ఎర్రగా వాచి జ్వరం వస్తే అది కీలులో చీము పట్టడం కావచ్చు. ఒక్కరోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పేరు లేని పొట్లాల్లో వచ్చే పొడులు, మాత్రలతో రెండు రోజుల్లోనే నొప్పి మాయమైతే సంతోషించే ముందు అనుమానించాలి. వాటిలో స్టెరాయిడ్లు కలుపుతున్న ఉదంతాలు దేశంలో అనేకం బయటపడ్డాయి. ముఖం ఉబ్బడం, షుగరు పెరగడం, ఎముకలు గుల్లబారడం వాటి ఫలితాలు. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని తప్పవు.

జిల్లావాసులు తెలుసుకోవలసిన మరో సంగతి ఉంది. మనిషి ఎముకలను, కీళ్లను బిగదీసే ఫ్లోరోసిస్ వ్యాధి దేశంలో మొట్టమొదట వెలుగుచూసింది నాటి నెల్లూరు జిల్లాలోనే. 1937లో హెన్రీ షార్ట్ బృందం దానిని శాస్త్రలోకానికి తెలియజేసింది. ఆనాడు గుర్తించిన పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి. నెల్లూరు జిల్లా మెట్ట మండలాల్లోనూ ఫ్లోరైడ్ నీటి సమస్య ఉంది. అటువైపు నుంచి వచ్చి తీరంలో స్థిరపడినవారి నడుము, మెడ బిగుతును వట్టి వాతమనో, దిగులనో కొట్టిపారేయడానికి వీల్లేదు.

గడియారం చూసి నడక

ఆలోచనా సరళిని మార్చే చికిత్సను కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. ఇందులో మంత్రమేమీ లేదు, ప్రవచనమూ లేదు. నొప్పి వచ్చినప్పుడు మనసులో మెదిలిన మాటను ఉన్నదున్నట్టు పట్టుకోవడం మొదటి మెట్టు. "ఈ కాలు ఇంక పనికిరాదు" అన్న మాటనే తీసుకుంటే, నిన్న సాయంత్రం అదే కాలితో అంగడి దాకా వెళ్లి వచ్చిన సంగతి దానికి ఎదురు సాక్ష్యం. ఆ తరువాత చిన్న పరీక్ష పెట్టుకోవాలి. ఐదు నిమిషాలు నడిస్తే నిజంగా ఏమవుతుంది? కాస్త నొప్పి పెరిగి, గంట రెండు గంటల్లో మామూలుకు వస్తే అది హాని కాదు. మరునాటికి కూడా నొప్పి ఎక్కువగానే ఉంటే నడక కొంచెం తగ్గించాలి, మానకూడదు.

నడకకు కొలమానం నొప్పి కాదు, గడియారం. బాగున్న రోజున ఐదు నిమిషాలే, బాగులేని రోజున కూడా వీలైనంత వరకు ఆ ఐదు నిమిషాలు. వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి పది లెక్కపెట్టి దించడం తొడ కండరాలకు మంచి వ్యాయామం. నాట్లు, కలుపు పనుల్లో గంటకోసారి లేచి నడుం నిటారుగా చేసి నాలుగడుగులు వేయనిస్తే మేస్త్రీకి వచ్చే నష్టం అంతంతమాత్రమే.

ఈ విధానాన్ని రోగులకు రోగులే నేర్పుకోవచ్చని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ చేపట్టిన కార్యక్రమం నిరూపించింది. కొద్ది వారాల పాటు జరిగే ఈ తరగతులను శిక్షణ పొందిన సామాన్యులే, వారిలో చాలామంది కీళ్ల రోగులే నడిపారు. తరగతులకు వచ్చినవారికి నొప్పి తగ్గింది. ఎవరు ఎంత వ్యాయామం చేశారన్న దానికన్నా "నా నొప్పిని నేను కొంతవరకు అదుపు చేసుకోగలను" అన్న నమ్మకం ఎవరిలో పెరిగిందన్న దానితోనే ఆ తగ్గుదల ఎక్కువగా ముడిపడి ఉందని 1980ల చివర ఆమె బృందం తేల్చింది.

మనకు అంతమంది నిపుణులు ఎక్కడున్నారన్న ప్రశ్న సహజమే. గోవాలో శిక్షణ పొందిన స్థానిక సామాన్యులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కౌన్సెలింగ్ ఇస్తే కుంగుబాటు, ఆందోళన నుంచి కోలుకునేవారు పెరిగారని 2010లో వెలువడిన పరిశోధనలో తేలింది. మన ఊళ్లలో ఆశా కార్యకర్తలున్నారు, స్వయం సహాయక సంఘాల సమావేశాలున్నాయి. షుగరు, బీపీ చూసినట్టే "గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, దిగులుగా, నిరాశగా ఉంటోందా" అని రెండు ప్రశ్నలు అడగడానికి యంత్రాలు అక్కర్లేదు. వైద్యులు కుంగుబాటును గుర్తించడానికి తొలి మెట్టుగా వాడేవి ఆ రెండు ప్రశ్నలే. వాటిని అడిగే తీరిక ఎవరికి ఉందన్నదే ఇప్పటి చిక్కు. ఓపీ చీటీ పట్టుకొని వరుసలో నిలబడిన వృద్ధురాలికి దక్కేది ఒకటి రెండు నిమిషాలు మాత్రమే. అందులో ఆమె మోకాలు చూపేలోగానే పిలుపు మరొకరికి వెళుతోంది.

దిగులు వీడనివారు, బతుకు మీద విరక్తి కలుగుతున్నవారు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీమానస్ సేవ కోసం 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. కీళ్లవాతం అనుమానం ఉన్నవారు నెల్లూరులోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. చిక్కు కేసులకు హైదరాబాద్ నిమ్స్‌లో ప్రత్యేక రుమటాలజీ విభాగం ఉంది. బస్సెక్కే ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకెళితే దక్కిన ఆ రెండు నిమిషాలూ వృథా కావు. పొద్దున బిగుతు ఎంతసేపు ఉంటోంది, ఏ కీళ్లు వాస్తున్నాయి, రాత్రి ఎన్ని గంటల నిద్ర పడుతోంది, నొప్పి వల్ల ఏ పని మానేశారు. ఎక్స్‌రే చూసి "అరిగిపోయింది" అని డాక్టరు అంటే, "ఎంత నడవచ్చు సారూ" అని ఒక్క మాట అడిగి రావాలి.